తప్పు బండిదా, బాడుగదా?

మదనపల్లెలో మా పికప్ బండికి పని చేయించే షెడ్డులో గత నెల ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది. క్లచ్ ప్లేటు కాలిపోయింది. నాలుగేళ్ళలో ఇది మూడోసారి. గేరుబాక్సు దించి, ప్లేటు మార్చి, మళ్ళీ ఎక్కించేసరికి సాయంత్రమవుతుందని మేస్త్రి ముందే చెప్పాడు. మాది కాక అక్కడ మరో నాలుగు పికప్పులు ఉన్నాయి. వాటి యజమానులు వేపచెట్టు కింది బల్ల మీద చేరి ఎవరి బండిని వారు తిట్టుకుంటున్నారు. ఒకాయన బండి ఖాళీగా పోయేటప్పుడు ఎగిరెగిరి పడి నడుము పట్టేస్తోందట. మరొకాయనకు వెనక టైర్లు 25,000 కిలోమీటర్లకే నున్నగా అరిగిపోయాయట. మూడో ఆయనకు కమాను కట్టలో (ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలో) పట్టీ విరగడం ఈ ఏడాదిలో రెండోసారి. పట్టణంలో ఇంటింటికీ నీళ్ళ క్యాన్లు వేసే నాలుగో ఆయనది వేరే బాధ: డాష్‌బోర్డు మీద ఒక పసుపు దీపం వెలుగుతుంది, ఆ తరువాత ఎంత తొక్కినా బండి లాగదు. చివరికి నలుగురూ ఒక మాట మీదికి వచ్చారు. పాత బండ్లే గట్టివి, ఇప్పటి కంపెనీలు రేకు డబ్బాలు అమ్ముతున్నాయి.

మా బండి కింద పడుకుని బోల్టులు విప్పుతున్న మేస్త్రి తల బయటికి పెట్టకుండానే అడిగాడు: "కంపెనీవాడు ఎంత బరువు ఎత్తమని రాసిచ్చినాడో, ఆర్సీ కార్డు తిప్పి ఎప్పుడన్నా చూసినారా సామీ?"

ఎవరూ బదులు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అయితే ఆ ప్రశ్న నన్ను వదలలేదు, ఎందుకంటే మిగిలిన నలుగురి కంటే నా దగ్గర దానికి జవాబు ఉండాలి. 2021లో మా బాబాయి కొడుకు ఈ బండి కొన్నప్పుడు ముందుగా కట్టవలసిన డబ్బులో సగం నేను పెట్టాను. తమ్ముడు నడుపుతాడు, నేను లెక్క రాస్తాను. ఉద్యోగమే లెక్కలు రాయడం కాబట్టి ప్రతి ట్రిప్పూ, ప్రతి లీటరూ, ప్రతి రిపేరూ తేదీతో సహా నా పుస్తకంలో ఉన్నాయి. టమాటా ఎన్ని క్రేట్లు ఎక్కిందో కూడా ఉంది. ఎన్ని కిలోలు ఎక్కిందో మాత్రం లేదు. నాలుగేళ్ళుగా ఆ పుస్తకంలో బరువుకంటూ ఒక గడి గీయాలని నాకు తోచలేదు.

పుస్తకంలో లేని గడి

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా బండి ఆర్సీలో స్థూల బరువు, అంటే బండీ సరుకూ కలిపి హద్దు, 3,490 కిలోలు, ఖాళీ బరువు 1,790 కిలోలు. అంటే మోయవలసింది 1,700. నిండు క్రేటు ఒకటి 30 కిలోలనుకుంటే 56 క్రేట్లతో ఆ హద్దు నిండిపోతుంది. పుస్తకం చూస్తే సీజనులో మా మామూలు లోడు 95. లెక్క తప్పేమోనన్న చిన్న ఆశతో మరుసటి ట్రిప్పుకు బండిని తిరుపతి దారి పట్టించే ముందు కాటా మీదికి ఎక్కించాము. కాటా దగ్గరి కుర్రవాడు చీటీ రాస్తూ "సరుకు తూకం యాడికి పంపాల సార్?" అని అడిగాడు. ఎక్కడికీ పంపనవసరం లేదనీ, బండి ఎంత మోస్తోందో తెలుసుకోవడానికే వచ్చామనీ చెబితే, ఇలాంటి పనికి కాటాకు వచ్చినవాళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు నవ్వాడు. చీటీలో 4,770 అని ఉంది. హద్దు కంటే 1,280 కిలోలు ఎక్కువ. ఒక రకంగా చెప్పాలంటే మా పికప్పు తన మీద తన బరువే కాక ఇంకో చిన్న కారును కూడా మోస్తోంది.

ఈ అంకె చేతిలో పెట్టుకుని షెడ్డులో విన్న ఫిర్యాదులను మళ్ళీ ఒక్కొక్కటిగా తలచుకున్నాను. క్లచ్ ఎందుకు కాలుతుంది? లోడుతో చడావు మీద బండి కదలాలంటే తమ్ముడు అరక్లచ్‌లో చాలాసేపు లాగవలసి వస్తుంది. ఆ రాపిడి వేడికే ప్లేటు కాలిపోతుంది. వెనక టైర్ల మాట చెప్పనే అక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఎగరడం మాత్రం కొంత పుట్టుకతో వచ్చిందే. టన్నున్నర పైన మోయడానికి పేర్చిన కమాను కట్ట, పైన ఏమీ లేనప్పుడు వంగదు, గుంత దెబ్బంతా నేరుగా తొట్టికి, అక్కడి నుంచి నడిపేవాడి నడుముకు చేరుతుంది. అయితే మా బండి అవసరమైన దానికంటే ఎక్కువగా ఎగురుతుంది. కారణం మేమే. కొన్న మూడో నెలలోనే కమాను పనివాడి దగ్గరికి తీసుకుపోయి చెరొక వైపు రెండేసి పట్టీలు అదనంగా వేయించాము. ఆ ఖర్చు నా పుస్తకంలో "బండి గట్టిపరచుట" అనే పేరుతో ఉంది.

ఆ గట్టిపరచడం వల్ల జరిగేది మరొకటి ఉందని మేస్త్రి చెప్పేవరకు నాకు తెలియదు. చాలా పికప్పులలో వెనక ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఒక కవాటం ఉంటుంది. లోడు పడి తొట్టి ఎంత కిందికి దిగితే అంత ఎక్కువ ఒత్తిడిని అది వెనక బ్రేకులకు పంపుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు పట్టేసి జారిపోకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. కమానుకు పట్టీలు పెంచితే తొట్టి దిగవలసినంత దిగదు. లోపల మూడు టన్నులున్నా ఆ కవాటానికి బండి సగం ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, వెనక బ్రేకుకు అంతే బలం ఇస్తుంది. భాకరాపేట ఘాటు దిగేటప్పుడు లైనర్లు కాలిన వాసన వస్తోందనీ, బ్రేకు "మెత్తగా" ఉందనీ తమ్ముడు రెండు సీజన్లుగా చెబుతూనే ఉన్నాడు. మేము బ్రేకు ఆయిలు మార్చాము, లైనర్లు మార్చాము, కంపెనీని తిట్టాము.

ఇంతవరకు వచ్చాక నా మనసులో తీర్పు సిద్ధమైపోయింది: యజమానులు బండి మీద చేసే ఫిర్యాదులలో అధికభాగం బండివి కావు, లోడువి. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది ఫోనులో చెప్పిన సంగతి కూడా దీనికే బలం చేకూర్చింది. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్పులు 1977 నుంచి ఆ రకం బండ్లలో అమ్మకాల మొదటి స్థానంలో ఉన్నాయని, అక్కడ అది సంసారుల బండి అని ఆయనే చెప్పాడు. ఆయన వాడేది మరో కంపెనీది. దాని మీద ఆయనకున్న ఫిర్యాదులు డాష్‌బోర్డు మీది తెర మధ్యమధ్యలో ఆగిపోతుందనీ, తొట్టి పొట్టిదనీ, గుడి దగ్గర పార్కింగు దొరకదనీ. గత ఏడాదిలో ఆ తొట్టిలోకి ఎక్కిందేమిటని అడిగితే ఒక సోఫా, వినాయక చవితి పందిరి సామాను అన్నాడు. కమాను విరిగిందన్న మాట ఆయన నోట రాదు.

అత్యాశ అనేస్తే సరిపోతుందా

కానీ లోడు ఎందుకు పెరుగుతోందన్న ప్రశ్నకు "అత్యాశ" అని జవాబు చెప్పి ఊరుకుంటే, నా పుస్తకాన్ని నేనే నమ్మనట్టవుతుంది. మదనపల్లె నుంచి తిరుపతికి పోయి రావడానికి మా లెక్కలో 240 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లు. సగటున లీటరుకు పదకొండున్నర ఇస్తుంది కాబట్టి డీజిలుకు దాదాపు 2,040 రూపాయలు. నెలకు కంతు 18,500; పద్దెనిమిది ట్రిప్పుల మీద పంచితే ట్రిప్పుకు 1,030. తమ్ముడి బత్తా 600. ఇన్సూరెన్సు ట్రిప్పుకు 150 పడుతుంది. టైర్లకూ ఆయిలుకూ చిల్లర పనులకూ 350 తీసి పక్కన పెడతాను. మొత్తం 4,170. మండీ వ్యాపారి ఇచ్చే బాడుగ 4,500. మిగిలేది 330 రూపాయలు, నెలకు ఆరు వేలు. క్లచ్ పని ఒక్కసారి వస్తే రెండు నెలల మిగులు పోతుంది.

ఇప్పుడు వ్యాపారి వైపు నుంచి చూద్దాం. బండికి ఇంత అని బాడుగ మాట్లాడుకున్నాడు. 56 క్రేట్లు వేస్తే క్రేటుకు 80 రూపాయలు పడుతుంది, 95 వేస్తే 47. అతను 95 వేయమనడంలో ఆశ్చర్యమేముంది? వేయనంటే స్టాండులో వేసేవాళ్ళు మరో పదిమంది ఉన్నారు. అందువల్ల దోషమంతా "ట్రిప్పుకు ఇంత" అనే బాడుగ పద్ధతిలో ఉందనీ, క్రేటుకు ఇంత అని మాట్లాడుకుంటే ఎక్కువ వేయించవలసిన అవసరం వ్యాపారికి ఉండదనీ నేను కొన్నాళ్ళు గట్టిగా నమ్మాను. ఆ మాట తమ్ముడితో అంటే వాడు నవ్వాడు. పల్లెల నుంచి మదనపల్లె మండీకి సరుకు తెచ్చేటప్పుడు బాడుగ క్రేటు లెక్కనే ఇస్తారు. అక్కడ ఎక్కువ ఎక్కించేది వ్యాపారి కాదు, మేమే. "ఇంకో పది ఎత్తినా అదే డీజిలు కదన్నా" అన్నాడు. నా పుస్తకం తిప్పి చూస్తే నిజమే. అన్నిటికంటే పెద్ద లోడు, 104 క్రేట్లు, పల్లె నుంచి మండీకి వచ్చిన ట్రిప్పులోనిది. బాడుగ ఏ పద్ధతిలో ఉన్నా బరువు పైకే పోతోంది.

కాబట్టి నా అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది. చట్టబద్ధమైన లోడుకు గిట్టుబాటయ్యే బాడుగ ఈ దారిలో ఎక్కడా లేదు. ఉన్న బాడుగ అధిక లోడును ముందే లెక్కలో వేసుకుని స్థిరపడింది. కంతు, బత్తా, ఇన్సూరెన్సు లోడు తగ్గిందని తగ్గవు. ఇన్సూరెన్సునే చూడండి. సరుకు రవాణా బండ్లకు 2022లో ప్రకటించిన థర్డ్ పార్టీ ప్రీమియంలో 7,500 కిలోల స్థూల బరువు దాకా అన్నిటికీ ఒకటే రేటు, 16,049 రూపాయలు. ముప్పాతిక టన్ను మోసే బుల్లి బండికీ, దానికి అయిదారు రెట్లు మోసే డీసీఎం వ్యానుకూ ఒకే మొత్తం. మనిషి బుర్ర అలాంటి చోట ఎటు పోతుందో వేరే చెప్పాలా?

చట్టం ఏమీ చేయలేదా అంటే, చేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000, పైగా ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు. ఆ సెక్షన్ నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ కూడా పట్టుకుంటుంది. ఆ "నడిపించినవాడు" అనే మాటలో 95 క్రేట్లు వేయమన్న వ్యాపారి కూడా ఇమడగలడని నా బుద్ధికి తోస్తుంది. కానీ మాకు ఒకసారి పడిన జరిమానా చలానా మా బండి నంబరు మీద, నా తమ్ముడి పేరు మీద వచ్చింది. ఆ రోజు సరుకు ఎవరిదో అడిగినవారు లేరు. దాన్ని కట్టడానికి తరువాతి మూడు నెలలు లోడు ఇంకొంచెం పెంచాము. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పుస్తకంలో అలాగే ఉంది.

కంపెనీలు కూడా ఇందులో పూర్తిగా అమాయకులని అనలేను. 2005 మేలో టాటా ఏస్ వచ్చినప్పుడు అది రెండు సిలిండర్లు, 702 సీసీ ఇంజను, 16 గుర్రాల బలంతో 750 కిలోలు మోసే బండి. దానికి ఛోటా హాథీ అన్న పేరు దేశమంతా పాకింది. ఏనుగు అన్న పేరు పెట్టాక దాని మీద 750 కిలోలతో ఆగేవాడు ఎవడు? బొలెరో పికప్పుల వరుస చూసినా 1.3 టన్నులు, 1.7 టన్నులు దాటి ఇప్పుడు 2 టన్నుల దాకా వచ్చాయి. మోసే శక్తి పెరిగితే అధిక లోడు తగ్గాలి కదా అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. పెద్ద తొట్టి వస్తే దాని మీద ఇంకో వరుస క్రేట్లు లేస్తాయి, అంతే.

నీళ్ళ క్యాన్ల ఆయన అన్న మాట

ఈ వాదన అందరికీ వర్తించదని నాకు గుర్తు చేసినవాడు షెడ్డులోని నాలుగో ఆయన. నేను నా కాటా చీటీ కథ ఉత్సాహంగా చెప్పడం విని ఆయన నెమ్మదిగా అన్నాడు: "నా బండిలో అరవై క్యాన్లు సార్, పన్నెండు వందల కిలోలు. ఏనాడూ దాటలేదు. మరి నాకెందుకు దీపం ఎలుగుతాది?" ఆయనకు నా దగ్గర జవాబు లేకపోయింది, తెలుసుకున్నాక ఆయన కోపం న్యాయమైనదేనని ఒప్పుకున్నాను.

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త డీజిలు బండ్లన్నీ బీఎస్-6 కాలుష్య ప్రమాణానికి వచ్చాయి. పొగలోని మసిని పట్టడానికి సైలెన్సరు దారిలో ఒక వడపోత ఉంటుంది. పట్టిన మసి అప్పుడప్పుడు కాలిపోవాలి. అలా కాలాలంటే లోపలి వేడి అయిదారు వందల డిగ్రీలకు చేరాలి. హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోతే అది తనంతట తానే జరుగుతుంది. వీధికి రెండుచోట్ల ఆగుతూ, రోజంతా రెండో గేరులో తిరిగే నీళ్ళ బండికి ఆ యోగం లేదు. దీపం వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది, తరువాత వడపోత విప్పి శుభ్రం చేయించాలి, అదీ పనికిరాకపోతే కొత్తది వేయాలి. ఆయన దీపం కోసం వారానికి ఒక రోజు ఖాళీ బండి వేసుకుని పీలేరు దాకా ఊరికే పోయి వస్తున్నాడు. గాలి శుభ్రంగా ఉండాలన్న నియమాన్ని నేను తప్పు పట్టను. పట్టణపు వీధుల్లోనే బతికే బండికి ఈ సంగతి అమ్మేటప్పుడే చెప్పని వ్యాపారాన్ని తప్పు పడతాను. ఆయనకు బండి అప్పగించిన రోజు కొబ్బరికాయ కొట్టించారట, ఫొటో తీశారట. దీపం గురించి ఒక్క మాట చెప్పలేదట.

క్యాబిను వేడి కూడా బండి మీదే మోపవలసిన నేరం. ఏప్రిల్, మే నెలల్లో ఇంజను సెగా రోడ్డు సెగా కలిసి తమ్ముడి కుడికాలు కమిలిపోతుంది. లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన నియమం 2025 అక్టోబరు 1 నుంచి తయారైన ఎన్2, ఎన్3 తరగతుల బండ్లకు వర్తిస్తుంది. ఆ తరగతులు మొదలయ్యేది 3,500 కిలోల స్థూల బరువు దాటిన తరువాత. ఈరోజు మాలాంటి బండే కొత్తది కొన్నా, కాగితం మీద 3,490 కాబట్టి పది కిలోల తేడాతో ఏసీ తప్పిపోతుంది. కాటా చీటీని లెక్కలోకి తీసుకుంటే మాత్రం మా తమ్ముడు దానికి ఎప్పుడో అర్హుడు. మన పల్లెల్లో ఏస్ బండిని "టాటా ఏసీ" అంటారు, పత్రికల్లోనూ అలాగే పడుతుంది. ఆ పేరు చదివినప్పుడల్లా అందులో చెమటలు కక్కుతూ కూర్చున్న మనిషి గుర్తుకొస్తాడు.

డెబ్బై క్రేట్లు

షెడ్డు నుంచి వచ్చాక మేమిద్దరం ఒక ప్రయత్నం చేద్దామనుకున్నాము. అదనపు కమాను పట్టీలు తీయించాము. తిరుపతి లోడు డెబ్బై క్రేట్లకు మించదని, బాడుగ 4,200 ఇస్తే చాలని మాకు అలవాటైన మండీ వ్యాపారితో మాట్లాడాము. ఆయన ముందు ఒప్పుకోలేదు. "మీ బండికి ఏమన్నా రోగమా?" అన్నాడు. తరువాత ఒక రోజు వేరే బండి ఘాటులో చెడిపోయి సరుకు ఎండలో మెత్తబడిందట. అప్పటి నుంచి వారంలో మూడు ట్రిప్పులు మాకు ఇస్తున్నాడు. మిగిలిన రోజులు పాత లెక్కే, కాకపోతే ఎనభై దగ్గర ఆపుతున్నాము. డెబ్బై క్రేట్ల ట్రిప్పుకు మిగులు మూడు వందల ముప్పై నుంచి ముప్పైకి పడిపోయింది. క్లచ్ ఇంకో ఏడాది అదనంగా వస్తే ఆ తేడా ఎంతవరకు పూడుతుందో తేలడానికి చాలా సమయం ఉంది, పూడకపోవచ్చు కూడా. ఘాటులో కాలిన వాసన రావడం లేదన్నది మాత్రం తమ్ముడు రెండుసార్లు నేను అడక్కుండానే చెప్పాడు.

పోయిన శుక్రవారం డెబ్బై క్రేట్లతో మళ్ళీ కాటా ఎక్కాము. 4,020. కుర్రవాడు మమ్మల్ని గుర్తుపట్టి "ఈసారి తగ్గినాది సార్" అన్నాడు. ఆర్సీ ప్రకారం ఇంకా 530 కిలోలు ఎక్కువే. ఇంటికి వచ్చి పుస్తకంలో కొత్త పేజీకి బరువు గడి గీస్తుంటే తమ్ముడు భుజం మీదుగా తొంగిచూసి అడిగాడు: "అన్నా, మిగతా దినాల లోడు కూడా అందులో ఉన్నది ఉన్నట్టే రాస్తావా?"